ఇన్ని పరీక్షలు చేసి పంపినా ఉపగ్రహాలు పైన ఎందుకు చెడిపోతున్నాయి?

ప్రశ్న: సార్, మేం తిరుపతిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఆఖరి సంవత్సరం చదువుతున్నాం. 2025 జనవరి 29న తెల్లవారకముందే హాస్టల్ మేడ ఎక్కి శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ-ఎఫ్15 వెళ్లడం చూశాం. రాకెట్ బాగానే వెళ్లింది. కొన్ని రోజులకే అది మోసుకెళ్లిన నావిగేషన్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 కక్ష్య పెంచలేకపోతున్నారని వార్త వచ్చింది. అన్ని పరీక్షలు చేశాక కూడా ఇలా ఎందుకవుతుంది? మేం ఒక క్యూబ్‌శాట్ (డబ్బా ఆకారంలోని చిన్న ఉపగ్రహం) చేస్తున్నాం. స్పేస్ గ్రేడ్ (అంతరిక్షం కోసమే తయారుచేసిన) భాగాలు కొనే స్తోమత లేదు. రిలయబిలిటీ (చెడకుండా పనిచేసే అవకాశం) 0.95 వచ్చినట్టు లెక్క చూపించమని మా గైడ్ అడుగుతున్నారు. ఎలా చూపించాలి?

జవాబు:

అమ్మా, నా ఉద్యోగమంతా ఉపగ్రహాల రిలయబిలిటీ, క్వాలిటీ పనిలోనే గడిచింది. రిటైరయ్యాక తిరుపతిలోనే ఉంటున్నాను. చుట్టుపక్కల కాలేజీల పిల్లలు పిలిస్తే వెళ్లి వాళ్ల బోర్డులు చూసొస్తుంటాను. నువ్వు అడిగిన 0.95 గురించి చివర్లో చెబుతాను. పెద్దవాళ్ల ఉపగ్రహాలు ఎలా పోయాయో ముందు తెలిస్తే ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో నీకే అర్థమవుతుంది.

ఉపగ్రహాలు ఏళ్లు గడిచి అరిగిపోయి చెడిపోతాయని చాలామంది అనుకుంటారు. లెక్కలు వేరేలా చెబుతాయి. కక్ష్యలోకి వెళ్లిన కొత్తలోనే గండం ఎక్కువ. ఆ కొత్తలో బయటపడే లోపాల్లో చాలావరకు పైన పుట్టినవి కావు. మన ల్యాబులో, మన బల్ల మీద, మన డ్రాయింగులో పుట్టి ఉపగ్రహంతో పాటే పైకి వెళ్లినవి.

జార్జియా టెక్‌లో కాస్టే, సాలే అనే ఇద్దరు 2009లో ఒక మంచి పరిశోధన ప్రచురించారు. 1990 జనవరి నుంచి 2008 అక్టోబరు దాకా ప్రయోగించిన 1,584 ఉపగ్రహాల చరిత్ర తీసుకుని లెక్కగట్టారు. ఇందులో ఒక చిక్కుంది. లెక్క ముగించే రోజుకి చాలా ఉపగ్రహాలు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. కొన్నింటిని ఇంధనం అయిపోయి మనుషులే ఆపేసి ఉంటారు. వాటిని చెడిపోయినవాటిలో వేయలేం, అలాగని లెక్కలోంచి తీసేయనూ లేం. వైద్య పరిశోధనల్లో రోగుల ఆయుర్దాయానికి వాడే కప్లాన్-మేయర్ పద్ధతిని వాళ్లు ఇక్కడ వాడారు. వచ్చిన ఫలితానికి, చెడే అవకాశం కాలంతో ఎలా మారుతుందో చూపే వీబుల్ గీత సరిపెడితే దాని ఆకారం చెప్పే అంకె (షేప్ పారామీటర్) 0.45 దగ్గర తేలింది. ఇది ఒకటి కన్నా తక్కువ ఉందంటే, బతికిన ప్రతి రోజూ మర్నాటి ప్రమాదాన్ని తగ్గిస్తోందని అర్థం. ఆ గీత ప్రకారం మొదటి ఆరు నెలల్లోనే వందలో రెండు పోతాయి. ఇంకో రెండు పోవడానికి మరో ఏడాదిన్నర పైనే పడుతుంది. పదిహేనేళ్లకు కూడా తొంభై శాతం పనిచేస్తూనే ఉంటాయి.

అదే ఏడాది తఫజోలి రాసిన పేపరు కూడా మీరు చదవాలి. 1980 నుంచి 2005 దాకా 129 వ్యోమనౌకల్లో జరిగిన 156 వైఫల్యాలను ఆయన ఒకచోట చేర్చారు. అందులో 41 శాతం మొదటి ఏడాదిలోనే జరిగాయి. ఏ విభాగంలో అని చూస్తే, ఉపగ్రహం ఎటు చూడాలో నిలబెట్టే ఆటిట్యూడ్ కంట్రోల్ వాటా 32 శాతం, పవర్ వాటా 27 శాతం. అంటే సగానికి పైగా ఈ రెండింట్లోనే. మీ టీమ్‌లో అందరూ కెమెరా, పేలోడ్ మీదే కూర్చుంటారు. పవర్ బోర్డు ఎవరో ఒక్కరికి అంటగడతారు. ఆ పని పంపకం మార్చుకోండి.

మన చరిత్రే చూడు. ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న వెళ్లింది. నాలుగు రోజులు గడిచాక పవర్ సమస్య వచ్చి దాని మీద ఉన్న శాస్త్రీయ ప్రయోగాలు ఆగిపోయాయి. 1997 జూన్‌లో వెళ్లిన ఇన్‌శాట్-2డీ అక్టోబరుకల్లా పవర్ బస్‌లో లోపం వచ్చి పనికిరాకుండా పోయింది. 2010 జులైలో ఇన్‌శాట్-4బీ సోలార్ ప్యానెళ్లలో ఒకదాని నుంచి సరఫరా దెబ్బతిని, దాని 24 ట్రాన్స్‌పాండర్లలో సగం ఆపేయాల్సొచ్చింది. 2018 మార్చి 29న వెళ్లిన జీశాట్-6ఏ రెండోసారి కక్ష్య పెంచిన తర్వాత మూగబోయింది. అప్పుడు ఇస్రో చేసిన పని నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది. ప్రయోగం కోసం ఫ్రెంచ్ గయానా దాకా చేరిన జీశాట్-11ను వెనక్కి బెంగళూరుకు తెప్పించి, మళ్లీ పరీక్షలు చేసి, డిసెంబరు 5న పంపారు. పవర్ విషయంలో అనుమానం ఉంటే అలా చేయాల్సిందే, ఎంత ఆలస్యమైనా.

తర్వాతిది తెరుచుకోవాల్సిన వస్తువులు. రాకెట్‌లో పట్టేలా మడిచి పంపి, పైకి వెళ్లాక విప్పుకునేవి. నువ్వు అడిగిన ఎన్‌వీఎస్-02లో సోలార్ ప్యానెళ్లు చక్కగా తెరుచుకున్నాయి, కరెంటు వచ్చింది, భూమితో మాటా కలిసింది. ఇంజిన్‌కు ఆక్సిడైజర్ (ఇంధనం మండటానికి కావాల్సిన పదార్థం) పంపే వాల్వులు మాత్రం తెరుచుకోలేదు. దాంతో ఉపగ్రహం బతికి ఉండి కూడా చేరాల్సిన చోటికి చేరలేకపోయింది.

ఇలాంటి వాటిలో నేను ఎప్పుడూ పిల్లలకు చెప్పేది ఇన్‌శాట్-1ఏ సంగతి. 1982 ఏప్రిల్‌లో అమెరికా నుంచి వెళ్లింది. ఆ వరసలో సోలార్ ప్యానెల్ ఒక పక్కనే ఉండేది. రెండో పక్క వాతావరణ చిత్రాలు తీసే రేడియోమీటర్‌ను చల్లగా ఉంచడానికి ఖాళీ ఆకాశం కనబడాలి కాబట్టి అటు ప్యానెల్ పెట్టలేదు. కానీ ఎండకు కూడా తోసే బలం ఉంది. చాలా చిన్న బలం. అద్దంలా వెలుగును తిప్పికొట్టే చదరపు మీటరు రేకు మీద సుమారు ఒక మిల్లీగ్రాము బరువు పెట్టినంత. ఒక పక్కే ప్యానెల్ ఉంటే ఆ తోపుడు ఉపగ్రహాన్ని రోజూ కొద్దికొద్దిగా తిప్పేస్తుంది. దాన్ని సరితూచడానికి రెండో పక్క పొడవాటి బూమ్ చివర సోలార్ సెయిల్ పెట్టారు. అది తెరుచుకోలేదు. దాంతో ఆ తోపుడును, ఇంధనం కాల్చే చిన్న ఇంజిన్లైన థ్రస్టర్లే కాచుకోవాల్సి వచ్చింది. సెప్టెంబరుకు ఇంధనం అయిపోయి ఉపగ్రహాన్ని వదిలేశారు. ఏళ్ల తరబడి పనిచేయాల్సింది అయిదు నెలలకే ముగిసింది.

అదే ఎండ బలంతో ఒక నౌకను బతికించిన సంగతీ ఉంది. నాసా వారి కెప్లర్ టెలిస్కోపుకు నాలుగు రియాక్షన్ వీల్స్, అంటే తిరుగుతూ నౌక దిక్కును నిలబెట్టే చక్రాలు. 2012 జులైలో ఒకటి, 2013 మేలో ఇంకొకటి ఆగిపోయాయి. కచ్చితంగా గురి పెట్టాలంటే కనీసం మూడు కావాలి. ఇంజినీర్లు నౌకను ఎండకు రెండు పక్కలా సమానంగా ఉండేలా తిప్పి పెట్టి, సూర్యకాంతినే మూడో ఆధారంగా వాడుకున్నారు. అలా 2018లో ఇంధనం అయిపోయేదాకా నడిపించారు. కక్ష్యలో ఏ బలమెంతో ముందే తెలిసినవాళ్లకే ఇలాంటి దారి తడుతుంది.

ఇప్పుడు రిడండెన్సీ, అంటే ఒకే పనికి అదనపు భాగం పెట్టుకోవడం. "ఒకటి పోతే రెండోది ఉంది కదా సార్" అనే మాట ప్రతి ల్యాబులో వింటాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా స్విచ్ బోర్డుకు వెళ్లే వైరే కాలిపోతే ఫ్యాన్ తిరగదు కదా. ఉపగ్రహంలోనూ ముందు చూడాల్సింది రెండో భాగం ఉందా అని కాదు, ఆ రెండూ ఎక్కడెక్కడ కలుస్తున్నాయి అని. ఒకే కనెక్టర్, ఒకే పవర్ లైన్, ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే తయారీదారు... ఇవన్నీ కలిసే చోట్లే.

2013 జులై 1న వెళ్లిన ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏలో రుబీడియం అణు గడియారాలు మూడు. ఒకటి చాలు, మిగతా రెండూ స్టాండ్‌బై. మూడూ ఆగిపోయాయి. గడియారం లేని నావిగేషన్ ఉపగ్రహం దారి చూపలేదు. యూరప్ గెలీలియో ఉపగ్రహాల్లోనూ గడియారాలు ఆగిపోతున్నాయని 2017 జనవరిలోనే బయటకొచ్చింది. ఒకే రకం డిజైన్ మూడు పెట్టినప్పుడు, ఒకదానికి వచ్చే రోగం మిగతా రెండింటికీ రావడానికే అవకాశం ఎక్కువ. కాగితం మీద మాత్రం ఒక్కో గడియారం చెడే అవకాశాన్ని మూడుసార్లు గుణించి, ఏమీ కాదని చూపించేస్తాం. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడతాయనుకుంటేనే ఆ గుణకారం నిజం. 2023 మేలో వెళ్లిన ఎన్‌వీఎస్-01తో మన సొంత రుబీడియం గడియారం కూడా పైకెళ్లింది. అది సంతోషించాల్సిన సంగతి.

రెండో ఉదాహరణ అమెరికా సమాచార ఉపగ్రహం గెలాక్సీ-4. 1998 మే 19న దాని కంట్రోల్ ప్రాసెసర్ ఆగిపోయింది. బ్యాకప్‌కు మారదామంటే అదీ అంతకుముందే చెడిపోయి ఉంది. అమెరికాలో చాలావరకు పేజర్లు ఆ రోజు మూగబోయాయి. మెయిన్ ప్రాసెసర్ పోవడానికి కారణం తగరపు మీసాలని తేల్చారు. శుద్ధ తగరం పూత వేసిన చోట్ల ఏళ్ల మీద వెంట్రుక కన్నా సన్నటి తగరపు పోగులు వాటంతటవే పెరుగుతాయి. పక్క పిన్నును తాకితే షార్టే. తగరంలో కొద్దిగా సీసం కలిపితే ఇవి బాగా తగ్గుతాయి. అందుకే అంతరిక్ష పనిలో శుద్ధ తగరం నిషేధం. మీరు చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొనుక్కొచ్చే భాగాల్లో చాలావాటికి ఇప్పుడు సీసం లేని పూతే ఉంటుంది. కొన్నాక వాటి పిన్నులకు 63/37 సోల్డర్ (తగరం, సీసం కలిసినది) పూయండి, బోర్డు మీద కాన్ఫార్మల్ కోటింగ్ (పల్చటి రక్షణ పూత) వేయండి. ఖర్చు లేని పని ఇది.

చంద్రయాన్-1లోనూ నక్షత్రాలను చూసి దిక్కు చెప్పే రెండు స్టార్ సెన్సర్లూ ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. వేడే కారణమని భావించారు. 2009 మేలో కక్ష్యను 100 కిలోమీటర్ల నుంచి 200 కిలోమీటర్లకు పెంచి, గైరోలతో నెట్టుకొచ్చారు. ఆగస్టు చివరి దాకా డేటా వచ్చింది. రెండేళ్లు అనుకున్న నౌక 312 రోజులు పనిచేసింది. ఆ సెన్సర్లు లేకపోయినా నడపగలగడం అక్కడి జట్టు నేర్పు.

ఇక ఏ భాగమూ చెడకుండానే పోయిన నౌకలున్నాయి. జపాన్ వారి ఎక్స్-రే టెలిస్కోపు హిటోమి 2016 ఫిబ్రవరి 17న వెళ్లింది. మార్చి 26న, తిరగని నౌక తిరుగుతోందని దాని కంట్రోల్ సిస్టమ్ పొరబడింది. ఆపాలని చక్రాలు తిప్పింది, దాంతో నిజంగానే తిరగడం మొదలైంది. చివరికి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి థ్రస్టర్లు కాల్చింది. ఆ థ్రస్టర్లకు కొన్ని వారాల ముందు కింద నుంచి పంపిన పారామీటర్లు తప్పు. ఆపాల్సిన తిరుగుడు ఇంకా పెరిగి, సోలార్ ప్యానెళ్లు విరిగిపోయాయి. ప్రాణం కాపాడాల్సిన సేఫ్ మోడ్‌నే ఎవరూ సరిగ్గా పరీక్షించలేదు. నాకు ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా బాధగా ఉంటుంది. ఎన్నో ఏళ్ల ఎక్స్-రే ఖగోళశాస్త్రం దాని మీద ఆధారపడింది.

ఇప్పుడు మీ క్యూబ్‌శాట్. అమెరికాలో స్వార్ట్‌వౌట్ అనే ప్రొఫెసర్ మొదటి వంద క్యూబ్‌శాట్ల చరిత్ర చదివారు. విశ్వవిద్యాలయాలు చేసినవాటిలో దాదాపు సగం విఫలమయ్యాయి. చాలావాటి నుంచి ఒక్క సిగ్నల్ కూడా రాలేదు. ఆయన అనుమానం రేడియేషన్ మీద కాదు, చవక భాగాల మీదా కాదు. ఉపగ్రహం మొత్తాన్ని కలిపి, పైన ఎలా నడవాలో అలా కింద నడిపి చూడకపోవడం మీద.

నేను కళ్లారా చూసింది చెబుతాను. ఇక్కడికి దగ్గర్లోనే ఒక కాలేజీ ల్యాబులో పిల్లలు మోడల్ చూపించారు. అన్ని బోర్డులూ వెలుగుతున్నాయి, ల్యాప్‌టాప్‌లో డేటా వస్తోంది. "ఆ యూఎస్‌బీ తీగ పీకండి" అన్నాను. బ్యాటరీ మీద నడిచింది. "బ్యాటరీని బాగా తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి" అన్నాను. అప్పుడు బయటపడింది. కంప్యూటర్ లేచింది, టైమర్ అయ్యాక యాంటెనా కట్టిన నైలాన్ దారం కాల్చడానికి నిక్రోమ్ తీగకు కరెంటు వదిలింది. వోల్టేజీ పడిపోయింది, కంప్యూటర్ రీసెట్ అయింది. మళ్లీ లేచింది, యాంటెనా ఇంకా తెరుచుకోలేదని మళ్లీ కాల్చబోయింది, మళ్లీ రీసెట్. దారం వేడెక్కేలోపే ప్రతిసారీ కరెంటు పోతోంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా అదే. ఇది పైన జరిగితే కింద వినేవాళ్లకు ఏమీ వినబడదు. యాంటెనా లేదు, సిగ్నల్ లేదు, ఏమైందో చెప్పేందుకూ ఏమీ లేదు. ఆ పిల్లలు కష్టపడలేదని కాదు. రోజూ యూఎస్‌బీ తగిలించి ఉండటంతో పవర్ బోర్డు ఒంటరిగా పనిచేసే అవకాశమే రాలేదు.

క్యూబ్‌శాట్ రాకెట్‌తో కలిపి బిగించాక వారాలు, ఒక్కోసారి నెలలు డబ్బాలో ఉంటుంది. బ్యాటరీ దానంతటదే తగ్గుతుంది. విడిపోయాక కనీసం 30 నిమిషాలు దేన్నీ తెరవకూడదు, 45 నిమిషాల దాకా సిగ్నల్ పంపకూడదని క్యూబ్‌శాట్ నిబంధన. అంటే మీ ఉపగ్రహం పుట్టేది సగం బ్యాటరీతో, బహుశా చీకట్లో, గిరగిరా తిరుగుతూ. మీరు పరీక్షించాల్సింది ఆ పుట్టుకను. దారం కాల్చే ముందు బ్యాటరీ వోల్టేజీ చూసి, తక్కువుంటే ఆగేలా కోడ్ రాయండి. ఎన్నిసార్లు ప్రయత్నించిందో రీసెట్ అయినా మరిచిపోని మెమరీలో పెట్టండి. ఇంకో సంగతి: గాలి లేని చోట నిక్రోమ్ తీగ ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది, ఎందుకంటే వేడిని మోసుకెళ్లే గాలి ఉండదు. గదిలో దారాన్ని సరిగ్గా కాల్చిన కరెంటే, పైన తీగనే ముందు కాల్చేయవచ్చు. వ్యాక్యూమ్ ఛాంబర్‌లో కనీసం కొన్నిసార్లైనా చేసి చూడాలి.

ఛాంబర్ దొరికేలోపు మన ఊరి ఎండను వాడుకోండి. మే నెలలో తిరుపతి మేడ మీద మీ సోలార్ సెల్స్‌తోనే, ఏ తీగా తగిలించకుండా నడపండి. భూమికి దగ్గరి కక్ష్యలో ఒక చుట్టు దాదాపు గంటన్నర, అందులో సుమారు 35 నిమిషాలు చీకటి. ఆ లెక్కన మూత వేస్తూ, తీస్తూ పగలంతా నడపండి. ఇక్కడి ఎండ చదరపు మీటరుకు 1,000 వాట్లు దాటడం కష్టం, పైన 1,361 వాట్లు. కాబట్టి ఇక్కడ బ్యాటరీ నిలబడితే ధైర్యం చేసుకోవచ్చు. చలి సంగతి మాత్రం మేడ మీద తేలదు. లిథియం అయాన్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం పేరుకుని సెల్ పాడవుతుంది. అందుకే అంత చల్లబడితే ఛార్జింగ్ ఆపే సర్క్యూట్, చిన్న హీటర్ పెట్టాలి.

చవక భాగాలతో భయపడకండి. కింది కక్ష్యలో ఏడాది పాటు మొత్తం రేడియేషన్ మోతాదు తక్కువే. భయపడాల్సింది లాచ్-అప్‌కు. ఒక్క కణం తగిలి చిప్‌లో షార్ట్ లాంటిది ఏర్పడితే కరెంటు పెరిగి చిప్ కాలిపోతుంది. ప్రతి ముఖ్యమైన బోర్డుకూ కరెంటు పెరిగితే తనంతట తానే ఆపి మళ్లీ వేసే స్విచ్ పెట్టండి. వాచ్‌డాగ్ టైమర్ (కంప్యూటర్ బిగుసుకుపోతే రీసెట్ చేసేది) కంప్యూటర్ బయట, విడిగా ఉండాలి. భాగాల విషయంలో ఇంతకన్నా తలపగలగొట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు 0.95. మీ గైడ్ గారు బహుశా మిల్-హ్యాండ్‌బుక్-217 పద్ధతిని దృష్టిలో పెట్టుకుని అడిగి ఉంటారు. భాగాల ఫెయిల్యూర్ రేట్లు కూడి, మొత్తం రిలయబిలిటీ చెప్పే పద్ధతి. ఆ పుస్తకాన్ని చివరిసారి సవరించింది 1995లో. రేటు కాలంతో మారదని అది అనుకుంటుంది. వీబుల్ 0.45 చూశావు కదా, అది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పైగా ఎన్‌వీఎస్-02 వాల్వులు, హిటోమి పారామీటర్లు, మన ల్యాబులోని రీసెట్ చక్రం, వీటిలో ఒక్కటీ ఆ లెక్కలో కనబడదు. లెక్క అడిగారు కాబట్టి చేయండి, కానీ అదొక్కటే ఇవ్వకండి. దాని పక్కనే ఎఫ్ఎంఈసీఏ పట్టిక పెట్టండి. ఏ భాగం ఎలా చెడుతుంది, చెడితే ఏమవుతుంది, మీరేం చేశారు. సింగిల్ పాయింట్ ఫెయిల్యూర్లన్నీ, అంటే ఒక్కటి చెడినా మొత్తం పోయేవన్నీ, వేరే పేజీలో. ఇంకో పేజీలో, ఉపగ్రహం మొత్తం కలిసి ఏ తీగా లేకుండా ఎన్ని గంటలు నడిచిందో, మధ్యలో ఏం ఆగిందో, ఎందుకు ఆగిందో రాయండి. ఏ మంచి గైడూ దీన్ని కాదనరు. అవసరమైతే ఈ జవాబు ఆయనకు చూపించు.

మీ టీమ్ మొదటిసారి చేస్తున్నట్టయితే సొంతంగా ఎగిరే క్యూబ్‌శాట్‌కు ముందు పీఎస్ఎల్‌వీ నాలుగో దశ మీద పేలోడ్‌గా వెళ్లే పోయమ్ అవకాశం గురించి ఇన్-స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ల దగ్గర కనుక్కోండి. 2022 జూన్‌లో పీఎస్ఎల్‌వీ-సీ53తో మొదలైంది. పవర్, దిక్కు నిలబెట్టడం ఆ దశే చూసుకుంటుంది. నేను పైన చెప్పిన 32 శాతం, 27 శాతం గండాలు చాలావరకు మీ నెత్తిన ఉండవు. అక్కడ మీ బోర్డులు ఏడాది ముందు పనిచేసి చూపిస్తే, తర్వాత క్యూబ్‌శాట్‌కు అవే వాడుకోవచ్చు.

మీ పవర్ బోర్డు సర్క్యూట్ బొమ్మ, బ్యాటరీ వివరాలు, ఏ కనెక్టర్‌లో ఏ పిన్ను ఎక్కడికి వెళ్తోందో ఆ జాబితా ఇక్కడ పెట్టండి. ముందు కనెక్టర్ల జాబితా పెట్టండి, దాన్నే మొదట చూస్తాను.